మా అన్నకు తోడు నిలిచినోళ్లందరికీ దండాలు

అన్న పోయి పదకొండొద్దులైంది. నిన్ననే దినాలు అయిపోయినయి. ఈ పదకొండొద్దులు పగలనక రాత్రనక చేయందించినోళ్లందరికీ మా సైకిల్ క్లబ్బు తరఫున, వదిన తరఫున, బాపు తరఫున చేతులెత్తి దండం పెడుతున్నం. ఒట్టిగ కృతజ్ఞతలు అని ఊరుకోబుద్ధి కాలేదు. ఎవరు ఏం చేసిండ్రో, అది ఎందుకు అంత అక్కరకొచ్చిందో చెప్పాలె.

మొదటి దండం ములుగు రోడ్డు మీద, ఆత్మకూరు దాటినంక చాయ్ హోటల్ నడుపుకునే తాతకు. లారీ అన్న సైకిల్‌కు వెనకనుంచి తగిలినప్పటికి ఇంకా మంచు విడవలేదు. ఉరికొచ్చినోళ్లు హెల్మెట్ గుంజబోతే తాత గుంజనియ్యలేదు. మెడ ఎముక విరిగిందో లేదో పైకి కనపడదు, హెల్మెట్ గుంజితే మెడ వంగి వెన్నుపాముకు దెబ్బ తగులుతది. తలను రెండు చేతులతో ఎట్లున్నది అట్లనే పట్టుకొని కూసున్నడు. నీళ్లు తాపుదమంటే ఒద్దన్నడు. సోయి సరిగ లేనోళ్లకు నీళ్లు పోస్తే ఊపిరితిత్తులకు పోతయి. పక్కన ఆటో తమ్ముడు తన తువ్వాల మడిచి తొడ గాయం మీద అదిమిపట్టిండు. అది తడిసినా తియ్యలేదు, దాని మీదనే ఇంకో బట్ట పెట్టి ఒత్తిండు. తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం లేచి మళ్ల కారుతది. 108 వచ్చినంక కాళ్లు, చేతులు పట్టి లేపకుండ, నలుగురు ఒక్కసారే పక్కకు దొర్లించి స్ట్రెచర్‌ను ఒంటి కిందికి తోసిండ్రు.

అన్న దక్కలేదు. కని చెయ్యాల్సిన దాంట్ల ఏదీ తక్కువ కాలేదని డాక్టరు చెప్పిన మాట వదినకు ఇప్పటికీ పెద్ద ఊరట. తాతా, ఆ ఊరట నువ్విచ్చినదే.

సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలని చానమంది భయపడుతరు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్, 2020ల వచ్చిన నిబంధనల ప్రకారం సాయం చేసినోళ్లను పేరు, అడ్రసు చెప్పుమని బలవంతం చెయ్యరాదు. తాత మాత్రం తనంత తానే సాక్ష్యం చెప్పిండు. పొయ్యిల బొగ్గు తీసి హోటల్ గోడ మీద లారీ నంబరు రాసిపెట్టిండు. ఆ నంబరు దొరకకుంటే ఇది గుద్ది పారిపోయిన కేసయ్యేది, ఇంటోళ్లకు కేంద్రం స్కీము కింద వచ్చే 2 లక్షలే దిక్కు. నంబరుండబట్టి లారీ ఇన్సూరెన్సు మీద, ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ల క్లెయిమ్ వెయ్యగలుగుతున్నం.

రెండో దండం ఆ పొద్దు డ్యూటీల ఉన్న కానిస్టేబులన్నకు. సైకిల్ కాల్వల పడి ఉన్నది, వెనక ఎర్రలైటు ఇంక మిణుకుమిణుకుమంటనే ఉన్నది. ఆయన దాన్ని ఆర్పలేదు. ముందుగాల వీడియో తీసిండు, తర్వాత రోడ్డు మీద గాజు పెంకులు, టైరు గీతలు ఫొటోలు తీసిండు, అటెన్కనే సైకిల్ ముట్టనిచ్చిండు. లైటు లేకుండ తొక్కిండు, తప్పు సైకిలాయనదే అని రేపు వాదన వస్తే ఆ వీడియోనే జవాబు. ఈ సంగతి తెల్వక చాన ఇండ్లళ్ల ఆ రాత్రే సైకిల్ కడిగి, బురద తుడిచి, రిమ్ము సాపు చేయించి పెడుతరు. ప్రేమతోనే చేస్తరు. సాక్ష్యం మాత్రం పోతది. హ్యాండిల్ మీది సైకిల్ కంప్యూటర్ల ఆ రోజు రైడ్ ఫైలును మా తమ్ముడొకడు అదే దినం రెండు చోట్ల కాపీ చేసిండు, అన్న ఏ వేగంతో, ఏ దారిల పోతున్నడో అందుల ఉంటది.

వకీలక్క రూపాయి తీసుకోకుండ పని చేస్తున్నది. క్లెయిమ్‌కు చట్టంల గడువు ఆరు నెలలు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, లారీ ఇన్సూరెన్సు కాపీ ఎట్లన్న చేసి తెచ్చుకోవచ్చు, అన్న లెక్క దుకాణం నడుపుకునేటోళ్లకు కష్టమంత ఆదాయం చూపెట్టుడే. కాయితం లేకుంటే లెక్క అంచనాకు పడిపోతది. అందుకనే అక్క పాత పాస్‌బుక్కులు, సరుకు బిల్లులు వదినతోటి కూసోని ఒక్కొక్కటి ఏరింది.

అన్న కండ్లు ఇచ్చేటందుకు బాపు ఒప్పుకున్నడు. కన్నీళ్లు తుడుచుకుంటనే సంతకం పెట్టిండు. పానం పోయిన ఆరు గంటల లోపల తియ్యాలె. అప్పటిదాంక తల కింద మెత్త పెట్టాలె. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను బందు చెయ్యాలె, లేకుంటే నల్లగుడ్డు మీది పొర ఎండిపోతది. కళ్లజోడు ఉన్నోళ్లవి గూడ పనికొస్తయి. పోలీసు కేసుల ముందుగాల వాళ్ల అనుమతి కావాలె, దాని కోసం ఉరికిన తమ్ముండ్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇగ మొన్న ఆదివారం చేసిన మౌన రైడ్ సంగతి. రోడ్డు మీద పానం పోయిన సైకిలోళ్ల యాదిల చేసేది, 2003ల అమెరికాల డల్లాస్‌ల మొదలైన పద్ధతి ఇది. మాట్లాడరు, గంటకు 19 కిలోమీటర్లు దాటరు. మనం 12 దగ్గరనే పోయినం, ఎందుకంటే ముందల అన్న పాత నల్ల అట్లాస్ సైకిల్ ఖాళీగ నడిచింది. ఖాళీ సైకిల్‌ను పక్కన పట్టుకొని తొక్కేటాయన ఎడమ చేత్తోని దాని హ్యాండిల్ నడుమ పట్టాలె, కొసన పడితే చక్రం తిరిగిపోతది. ఇగ మిగిలేది కుడి చెయ్యే. మన సైకిళ్లకు కుడి లివరు ముందు బ్రేకుది, గట్టిగ ఒత్తిండంటే బోర్ల పడొచ్చు. మెకానిక్ చాచా ముందు రోజు రాత్రి ఆ తొక్కేటాయన సైకిల్ కేబుళ్లు మార్చి వెనక బ్రేకును కుడికి కట్టిండు. అట్లాస్ సీటు గొట్టానికి అన్న చుట్టుకున్న నల్లటేపు గుర్తు ఉన్నది. దాన్ని ఇంచు గూడ కదలనియ్యలేదు.

హన్మకొండల పూలమ్మే అక్క బంతిపూల దండ హ్యాండిల్‌కు వేలాడేస్తే దారం ముందు చక్రంల చుట్టుకుంటదని, పొట్టిగ అల్లి, పైరాడ్డుకు గట్టిగ కట్టి ఇచ్చింది. పైసలు తీసుకోలేదు.

పది మందికొక గుంపు చేసి, గుంపుల నడుమ బండ్లు దాటిపోయేంత జాగ ఇడిచిన వలంటీర్లకు, గేరు తగ్గించి ఓపికగ వెనక నడిచిన ఆర్టీసీ డ్రైవరన్నలకు, ఇన్ని దినాలు ఇంటికి బువ్వ మోసిన వాడకట్టు అమ్మలకు గూడ దండాలు.

వదినకు ఫోన్ చేసేటోళ్లు పొద్దుగాల పది దాటినంక చెయ్యుండ్రి, చిన్నపిల్లకు పరీక్షలున్నయి. పైసలు ఇయ్యదలచినోళ్లు మాకెవ్వలికీ పంపొద్దు, వదిన బ్యాంకు ఖాతాలనే వెయ్యుండ్రి. మౌన రైడ్‌ల రెండు వెనక లైట్లు, ఒక స్టీలు టిఫిన్ డబ్బ మిగిలినయి. మెకానిక్ చాచా దుకాణంల ఉన్నయి, ఎవలియో వాళ్లు తీసుకపోండ్రి.