దుప్పట్లు మళ్లీ తీసుకుంటున్నాం

విశాఖ పెదవాల్తేరులో మా లాండ్రీకి బట్టలేసే అందరికీ నమస్కారం. వేసవిలో నీళ్లు చాలక దుప్పట్లు, కర్టెన్లు తీసుకోవడం ఆపేశాం. బిల్లు మీద ట్యాంకరు ఖర్చని పది రూపాయలు వేశాం. వానలు పడ్డాయిగా, ఇంకా ఎందుకండీ ఆ పది అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఊరికొచ్చే నీళ్లలో ఒక వాటా గోస్తనీది. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది. దాని మీద గంట్యాడ మండలంలో కట్టిందే తాటిపూడి రిజర్వాయరు. అంచేత బీచ్ రోడ్డులో ఎంత కుండపోత కురిసినా కుళాయికి ఒరిగేదేమీ లేదు, రోడ్డు మునుగుతుంది అంతే. పడితే కొండల్లో పడాలి. ఇప్పుడు అక్కడ పడుతోంది, మట్టం లేస్తోంది. కానీ పూర్తి మట్టం 297 అడుగులు, అంతవరకూ ఇంకా రాలేదు. వచ్చినా అదంతా మనదే కాదు, విజయనగరం రైతుల వరి కూడా దాని మీదే ఆధారం.

బోరు లేదా అంటారేమో, ఉంది. సముద్రం దగ్గర కదా, ఎండాకాలం నీళ్లు ఉప్పెక్కిపోతాయి. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి బట్టల్లో ఇరుక్కుంటుంది. నాలుగు ఉతుకులకి తెల్ల చొక్కా మాసినట్టు కనిపిస్తుంది, తువ్వాలు అట్టముక్కలా బిగుసుకుంటుంది. అందుకే తెల్లబట్టల వరకూ ట్యాంకరు నీళ్లే వాడాం.

సోమవారం నుంచి దుప్పట్లు, కర్టెన్లు తీసుకుంటాం. పది రూపాయలు ఐదు చేస్తున్నాం. పూర్తిగా ఎందుకు తీయలేదంటే, గట్టి వాన పడిన మర్నాడు మా కుళాయిలో నీళ్లు కాస్త ఎర్రగా వస్తున్నాయి. బకెట్లో పట్టి, కాసేపాగి, అడుగున మన్ను దిగిందేమో చూశాకే మెషిన్లోకి వదులుతున్నాం. అలాంటి రోజు తెల్లబట్టలకి ట్యాంకరు తప్పడం లేదు. ఆ అవసరం తీరగానే ఐదూ తీసేస్తాం, మీరు అడగక్కర్లేదు.

ఇంకోటి. నీళ్లొచ్చాయి గానీ ఎండ పోయింది! దుప్పటికి మూడు రోజులు పడుతుంది. గంజి పెట్టే నేత చీరలైతే ఎండ కాసిన రోజే ఆరేస్తాం, లేకపోతే ముక్కవాసన వస్తాయి. పెళ్లికో పూజకో కావాలంటే వారం ముందే ఇచ్చి, తేదీ చీటీ మీద రాయించండి.