ముఖం చూసి అర్హత తేల్చకండి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. అంగిలి చీలికతో పుట్టి, శస్త్రచికిత్స అందకుండానే పెద్దవారైన వారి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. పళ్లూ దవడలూ సరిచేయడం నా వృత్తి. గ్రహణం మొర్రి అనగానే అందరికీ పెదవి చీలిన పసిబిడ్డ గుర్తొస్తుంది. పెదవి బాగానే ఉండి లోపల అంగిలి మాత్రమే చీలినవారు, అందులోనూ వయసు మీరినవారు, పథకాలు రూపొందించేవారికి తట్టరు.

వీరి ముఖాన్ని పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే ఎముకతో పాటు పైనున్న మెత్తటి భాగాల ఆకారమూ కనిపిస్తుంది. ముక్కు కొన నుంచి గడ్డం దాకా గీత గీసి, పెదవులు దానికి ఎంత వెనుక ఉన్నాయో చూస్తాం. ముక్కు అడుగు భాగానికీ పైపెదవికీ మధ్య కోణం, పెదవుల మందం, గడ్డం మీది కండ కొలుస్తాం. ఎముకలో కొద్దిపాటి లోటుంటే ఈ మెత్తటి భాగాలు దాన్ని కప్పేయగలవు. పైగా ఆపరేషన్ జరగనివారిలో పైదవడ చాలావరకు ముందుకు పెరుగుతుంది. శ్రీలంకలో పెదవీ అంగిలీ రెండూ చీలి, 13 ఏళ్లు దాటినా ఆపరేషన్ జరగని పురుషులపై మార్స్, హ్యూస్టన్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని ముందుకు తెచ్చింది. చిన్నతనంలో చేసిన ఆపరేషన్ మిగిల్చే మచ్చ కణజాలం దవడ ఎదుగుదలను కొంత అడ్డుకుంటుంది. వీరికి ఆ మచ్చే లేదు.

అందుకే వీరిలో చాలామంది చూడటానికి మామూలుగానే ఉంటారు. ‘ముఖం బాగానే ఉంది కదా, నీకేం లోటు?’ అన్న మాట వీరికి కొత్త కాదు.

లోటంతా నోటి లోపల ఉంది. మాట్లాడేటప్పుడు, మింగేటప్పుడు అంగిలి వెనకనున్న మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూయాలి. అది మూయలేనప్పుడు ‘బ’ పలకడానికి నోట్లో నిలవాల్సిన గాలి ముక్కులోకి పోతుంది. ‘బాబు’ అంటే ‘మాము’ అన్నట్టు వినిపిస్తుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టాన్ని తెరిచే కండరం కూడా అంగిలిదే కాబట్టి, మధ్య చెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గవచ్చు. నలుగురిలో కూర్చుని తినలేక, ఫోనులో మాట్లాడలేక బతకడం ఎంత నరకమో ఎక్స్‌రేలో కనపడదు.

ఆపరేషన్ జరగకపోతే దవడ ఎదుగుదల బాగుంటుంది గనుక పిల్లల ఆపరేషన్ వాయిదా వేయవచ్చని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి. ఆరు నెలలకు ఆపరేషన్ జరిగిన పిల్లల్లో, ఏడాదికి జరిగినవారికంటే, ఐదేళ్ల వయసుకు అంగిలి మెరుగ్గా పనిచేసిందని 2023లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన చూపింది. మాట ముఖ్యం. ముఖాన్ని తరవాతైనా సరిచేయవచ్చు.

పుట్టిన ప్రతి బిడ్డ నోటినీ నాలుక నొక్కి, టార్చి వెలుగులో కొండనాలుక దాకా చూడాలని ఆదేశించండి. వేలితో తడిమితే వెనక చీలిక తప్పిపోవచ్చు. సాయం పొందడానికి వయోపరిమితి ఉన్నచోట తీసేయండి. అర్హతను మాట, వినికిడి పరీక్షలతో నిర్ణయించండి.

అన్నిటికంటే గట్టిగా అడిగేది స్పీచ్ థెరపీ గురించి. పెద్దవయసులో అంగిలి కుట్టినంత మాత్రాన మాట దానంతట అది మారదు. ఏళ్ల తరబడి గొంతులోనే శబ్దాలను ఆపి పలకడం అలవాటైపోయి ఉంటుంది. నెలల తరబడి సాధన చేయించే మనిషి కావాలి. ఆపరేషన్ కుదరనివారికి చీలికను మూసే పళ్లసెట్టు లాంటి పరికరం కావాలి. ఆపరేషన్‌కు డబ్బు మంజూరు చేసే ఉత్తర్వులోనే ఈ రెండింటికీ నిధులు చేర్చమని కోరుతున్నాను. మీ శాఖ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయుడు,
ఒక దంతవైద్యుడు