అమ్మబోయే ఇంట్లో ఇక బాత్రూములు పగలగొట్టం

ఇళ్ళ రిపేర్లు చేసే మేం ఒక ఇంట్లో బాత్రూమ్ టైల్స్ వేసి, మళ్ళీ మేమే పీకేసిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. బయట తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఏళ్ళ తరబడి మీ ఇంటి తాళాలు నా చేతికిచ్చి వెళ్తున్నారు కాబట్టి, జరిగింది నా నోటినుంచే వినాలి.

ఆ ఇంటివాళ్ళు రెండు నెలల్లో ఇల్లు అమ్మి వెళ్ళిపోవాలనుకున్నారు. బాత్రూమ్ పాతగా కనిపిస్తోంది, ఏం చేస్తే బాగుంటుందని నన్ను పిలిచారు. నేను వెళ్ళి చూశాను. టైల్స్ మీద తట్టి చూస్తే ఎక్కడా డొల్ల శబ్దం లేదు, అంటే గట్టిగా అంటుకునే ఉన్నాయి. నీళ్ళు సరిగ్గానే జాలీ వైపు పోతున్నాయి. టైల్స్ మధ్య జాయింట్లు నల్లబడ్డాయి, ఒక కొళాయి కారుతోంది, అంతే. జాయింట్లు గీకి కొత్త గ్రౌట్ నింపి, కొళాయి మారిస్తే రెండు రోజుల పని. నేను మాత్రం మొత్తం మారుద్దామన్నాను. ఆ వారం మా టైల్స్ మేస్త్రీలిద్దరికీ పని లేదు. అందుకే అలా చెప్పాను, వేరే కారణమేమీ లేదు.

ఇక మాకు టైల్స్ పంపిన సప్లయర్ గురించి. అన్ని పెట్టెలూ ఒకే లాటులోంచి, అంటే బట్టీలోంచి ఒకే విడతలో వచ్చినవే పంపమని ఆర్డరు కాగితం మీద నా చేత్తో రాసిచ్చాను. ఆ కాగితం కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. సరుకు రెండు ట్రిప్పుల్లో వచ్చింది. రెండో ట్రిప్పు చీకటిపడ్డాక దిగింది. మోడల్ పేరు అదే, కొలత అదే, పెట్టె మీద షేడ్ నంబరు మాత్రం వేరు. టైల్స్ బట్టీలోంచి విడతలు విడతలుగా వస్తాయి, విడతకీ విడతకీ రంగులో కొద్దిగా తేడా ఉంటుంది. పెట్టె మీద ఆ నంబరు వేసేది అందుకే. బల్బు వెలుతురులో రెండూ ఒకేలా కనిపించాయి. పని ముగిశాక ఒక పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేసరికి, నేల మధ్యలో గీత గీసినట్టు తేడా కనపడింది.

ఫోన్ చేస్తే సప్లయర్ ఏమన్నాడో తెలుసా? ‘వేసే ముందు చూసుకోమని పెట్టె మీదే రాసుంది కదా, వేశాక వాపసు తీసుకోం’ అన్నాడు. పదకొండేళ్ళుగా అతని దగ్గరే కొంటున్నాను. అతను చెప్పింది నిజం కావడమే నాకు మండిపోయింది. పెట్టెలన్నీ పక్కపక్కన పెట్టి నంబర్లు చూసుకోవడం నా పని. ఆ రాత్రి అలసిపోయి చూడలేదు. అలాగని ఒకే లాటు కావాలని రాసిచ్చిన కాగితాన్ని చూడకుండా సరుకు పంపినవాడి తప్పు నా తప్పులో కలిసిపోదు. ఇక అతని దగ్గర ఒక్క పెట్టె కూడా కొనను. దీని మీద నాకు సర్దిచెప్పొద్దు.

ఖర్చు నేనే పెట్టుకుని మొత్తం పీకించాను. పీకేటప్పుడు కింద ఉన్న వాటర్‌ప్రూఫ్ పూత చిరిగింది. అది మళ్ళీ వేసి, ఆరనిచ్చి, నీళ్ళు నిలబెట్టి 48 గంటలు చూసి, అప్పుడు టైల్స్, ఆ తర్వాత గ్రౌట్. ఈలోగా కొంటానని వచ్చినవాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారు. ఇల్లు చివరికి అమ్ముడుపోయింది గానీ ఆలస్యంగా, అనుకున్నదానికంటే తక్కువకి. కొన్నవాళ్ళు బాత్రూమ్ టైల్స్ గురించి ఒక్క మాట కూడా అడగలేదట. హాలు సీలింగులో గోధుమరంగు మరక ఏమిటని మాత్రం మూడుసార్లు అడిగారట. ఆ మరక నేను మొదటిరోజే చూశాను. పెయింటింగ్ చివర్లో కదా, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత చాలా రాత్రులు నిద్రపట్టలేదు. మా ఆదాయంలో సగం ఇలాంటి పనుల నుంచే వస్తుంది. మొదట్నుంచీ నాతో ఉన్న మేస్త్రీ అయితే ‘నువ్వు కాదంటే వాళ్ళు ఇంకొకరిచేత పగలగొట్టిస్తారు, మన కడుపే కాలుతుంది’ అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అతనన్నదీ తప్పు కాదు. అయినా నిర్ణయం తీసేసుకున్నాను. ఏడాదిలోపు అమ్మాలనుకునే ఇంట్లో, నీరు లీకైతేనో టైల్స్ ఊడుతుంటేనో తప్ప పగలగొట్టే పని ఒప్పుకోం. వంటగది అల్మరాలకీ ఇదే వర్తిస్తుంది. మీకు నచ్చి మార్పించిన అల్మరాలు కొనేవాళ్ళకి నచ్చకపోతే, వాళ్ళ లెక్కలో అది పీకించే ఖర్చు. మీరు ఉండే ఇల్లయితే ఎప్పటిలాగే అన్నీ చేస్తాం, మీ సరదా మీది.

అమ్మే ఇంటికి ఇకమీద ముందు నేను ఖాళీ చేతులతో వస్తాను. కొనేవాడిలా గేటు నుంచి నడుచుకుంటూ చూస్తాను. మొదట నీళ్ళు: కారే కొళాయి, సింకు కింద తడి, గోడకి చెమ్మ. చిన్న లీకు కనిపిస్తే కొనేవాడు దాని రిపేరు ఖర్చుతో ఆగడు, కనపడనివి ఇంకెన్ని ఉన్నాయోనని ధరలో ఎక్కువే కోస్తాడు. తర్వాత వేలాడే స్విచ్‌బోర్డులు, నేలకి రాసుకునే తలుపులు, పట్టని గొళ్ళేలు. ఇవన్నీ చిన్న పనులే, ఇన్నాళ్ళూ మేం చిన్నచూపు చూసినవి కూడా ఇవే. చివర్లో లేత రంగు పెయింట్.

పెయింట్ గురించి ఒక మాట. చెమ్మ ఉన్న గోడ మీద మేం రంగు వెయ్యం. గోడలోని తడి ఉప్పుని పైకి తెచ్చి ఆరుతుంది, తెల్లటి పొడి తేలి లప్పంతో సహా రంగు పెచ్చులూడుతుంది. కొత్త ప్లాస్టరింగ్ చేయిస్తే 28 రోజులు ఆగమంటాను, తొందరపెట్టొద్దు. ‘అమ్మేదాకా మరక కనపడకుండా చెయ్యండి చాలు’ అని మొన్న ఇద్దరు అడిగారు. మరక ఆపే ప్రైమర్ కొడితే కొన్నాళ్ళు దాగుతుంది, నాకూ తెలుసు. దాచి అమ్మిపెట్టడం నా పని కాదని చెప్పాను. ఇద్దరూ వేరేవాళ్ళని పిలుచుకున్నారు. పిలుచుకోనివ్వండి.

అమ్మకం కోసమని బాత్రూమ్ పనికి ముందే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకి ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. ఇల్లు మళ్ళీ ఒకసారి చూసి, ఆ పని అక్కర్లేదనిపిస్తే అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాను.

ఆ టైల్స్‌లో మిగిలిన పెట్టెలు మా షెడ్డులో ఉన్నాయి. స్టోర్ రూముకో, మేడ మీద గదికో కావాలంటే ఊరికే పట్టుకెళ్ళండి. రెండు షేడ్‌లు ఉన్నాయని ముందే చెబుతున్నాను.