వెబ్ ఆప్షన్ల నియమం పల్లె విద్యార్థికీ తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చిన ప్రతిసారీ ర్యాంకుల గురించి, ఫీజుల గురించి పత్రికల్లో ఎంతో చర్చ జరుగుతుంది గాని, ఆ ర్యాంకును సీటుగా మార్చే పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలియక పేద కుటుంబాల పిల్లలు పోగొట్టుకుంటున్న దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం బోధించి విశ్రాంతి తీసుకున్న నాకు, ఆ నష్టం కళ్లారా చూశాక ఊరుకోవడం సాధ్యం కాలేదు.

పోయిన ఏడాది మా వీధిలోని ఒక అమ్మాయి నెట్ సెంటర్‌లో ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీలు, బ్రాంచీల వరుస పెట్టించుకుని, ఆ ప్రింటు తీసుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్లింట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి బిడ్డ ఆమే. కాగితంలో పదకొండు ఆప్షన్లే ఉన్నాయి. ఆమె మనసు పడ్డ యూనివర్సిటీ కాలేజీ తొమ్మిదో వరుసలో ఉంది. ఎందుకమ్మా ఇలా అని అడిగితే, "వచ్చేవి ముందు పెట్టాలంట సార్, రాని కాలేజీ పైన పెడితే ఆప్షన్ దండగయితదని సెంటర్ ఆయన చెప్పిండు" అంది. ఇంకా ఫ్రీజ్ చేయలేదు, అంటే మార్చడానికి వీల్లేకుండా ఖరారు చేయలేదు కాబట్టి ఆ సాయంత్రమే కూర్చుని, ఆమె ఇష్టప్రకారం వరుస మార్చి, డెబ్బైకి పైగా ఆప్షన్లు పెట్టగలిగాం.

ఆ సలహా ఎందుకు తప్పో చెప్పడం కష్టమేమీ కాదు. కంప్యూటరు ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరి జాబితా తెరిచి, పై నుంచి కిందికి చూస్తూ, ఆ విద్యార్థి అర్హతకు, రిజర్వేషన్ కేటగిరీకి సీటు మిగిలి ఉన్న మొదటి చోటనే ఆగిపోతుంది. పైన పెట్టినది దొరకకపోతే కిందిదానికి వెళుతుందే తప్ప, దొరకనిదాన్ని కోరుకున్నందుకు శిక్ష ఏమీ ఉండదు. నచ్చని కాలేజీని పైకి ఎక్కిస్తే మాత్రం అక్కడే సీటు వచ్చి, దాని కింద ఉన్న నచ్చిన కాలేజీ చేజారుతుంది.

అయితే ఆ సెంటర్ ఆయన సలహా సరిపోయే పద్ధతులూ లోకంలో ఉన్నాయి. అమెరికాలోని బోస్టన్‌లో ఒకప్పుడు బడి సీట్లను ముందుగా మొదటి ఆప్షన్‌గా రాసినవారికి పంచేవారు. మంచి బడిని మొదట రాసి భంగపడిన పిల్లవాడు రెండో బడి దగ్గరికి వచ్చేసరికి అక్కడా సీట్లు నిండిపోయేవి. ఆ కిటుకు తెలిసిన తల్లిదండ్రులు ఆచితూచి రాసేవారు, తెలియనివారి పిల్లలు దెబ్బతినేవారు. అందుకే 2005లో దాన్ని తీసేసి, 1962లో గేల్, షేప్లీ అనే గణితవేత్తలు ప్రతిపాదించిన పద్ధతిని తెచ్చారు. ఇష్టాన్ని ఉన్నదున్నట్టు రాయడమే విద్యార్థికి మేలయ్యే ఏర్పాటు అది. ఈ కోవ పరిశోధనకే షేప్లీకి, ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. న్యూయార్క్ ఉన్నత పాఠశాలల్లోనూ 2003లో కేటాయింపు పద్ధతిని మార్చాక, కోరని బడికి పంపబడే పిల్లలు సుమారు 30 వేల నుంచి 3 వేలకు తగ్గారు.

మన పద్ధతిలోనూ ఆ నిజాయితీ ఉంది, కానీ అది తెలిసినవారికే అక్కరకు వస్తోంది. పట్నంలో కన్సల్టెంటుకు డబ్బు కట్టగలిగినవారికి ఈ సంగతులన్నీ ముందే తెలుస్తాయి. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి సీటు దానంతటదే రద్దవుతుందని, కాబట్టి చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవే పెట్టాలని గురుకులంలో చదివిన పిల్లవాడికి ఎవరు చెబుతున్నారు? ఈ ఒక్క ముక్క తెలియక మంచి సీటు పోగొట్టుకున్న ఇద్దరు నా శిష్యుల్లోనే ఉన్నారు.

ఉన్నత విద్యామండలికి నా విన్నపం ఏమిటంటే, కేటాయింపు నియమాన్ని ఒక ఉదాహరణతో సహా ఒకే పేజీలో, వాడుక తెలుగులో అచ్చువేసి, హాల్‌టికెట్‌తో పాటే ప్రతి విద్యార్థికీ అందించాలి. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కోసం జోసా అనే కేంద్ర సంస్థ ఇస్తున్నటువంటి మాక్ కేటాయింపు, అంటే అసలు కేటాయింపుకు ముందు నమూనాగా చూపే ఫలితం, ఏ కౌన్సెలింగ్‌లో ఇచ్చినా, ఆ ఫలితాన్ని విద్యార్థి పక్కన కూర్చుని చదివి వరుస సరిచేయించే అధ్యాపకుడు ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో, ప్రతి గురుకులంలో ఆప్షన్లు పెట్టే ఆ నాలుగు రోజులూ అందుబాటులో ఉండాలి. విశ్రాంత అధ్యాపకులను పిలిస్తే జీతం అడగకుండా వచ్చేవారు ప్రతి మండలంలోనూ ఉంటారు. నేను వస్తాను.

— విశ్రాంత గణిత అధ్యాపకుడు, మహబూబాబాద్