మన యాసకి మంచిరోజులొచ్చాయి

తిరుపతి

రేయ్ శేఖరా,

ఎట్లుండావు? నీ మెసేజీకి రెండు ముక్కల్లో జవాబిస్తే నాకు తృప్తి ఉండదు, అందుకే ఈ చాంతాడు ఉత్తరం. నీది తిరుపతి అనగానే పుణెలో మీ ఆఫీసువాళ్ళు 'పుష్ప' సినిమాలో లాగ గడ్డం కింద చెయ్యి తిప్పి చూపిస్తున్నారని రాశావు. హిందీవాళ్ళు కూడానా! నాకు నవ్వాగలేదు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

విజయవాడ హాస్టల్లో మన బతుకు గుర్తుందా? నువ్వు లేచి "ఆడుండాది సార్" అన్నావు, క్లాసంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేయాలన్నా మెట్ల కిందికి పోయి గుసగుసగా మాట్లాడేవాళ్ళం. సినిమాల్లో మన మాట అయితే కామెడీకి, కాకపోతే బాంబులేసేవాడికి. 2021లో 'పుష్ప' వచ్చాక చూడు, హీరోనే మనలాగ మాట్లాడాడు. తెలుగు హీరోకి మొట్టమొదటి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా ఆ పాత్రకే వచ్చింది. ఇప్పుడు మా పక్కింటి గుంటూరు పిల్లోడు నాకే మన యాస నేర్పిస్తున్నాడు, అదీ తప్పుల్తో!

సినిమా పిచ్చి మన ఊరికి కొత్తేం కాదులే. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' చూసిన మా అవ్వకి చివరిదాకా స్వామి ముఖం అంటే ఎన్టీ రామారావు ముఖమే. అప్పట్లో కొండకొచ్చిన యాత్రికుల బస్సులు అట్నుంచటే మద్రాసు పోయి ఆయన ఇంటి ముందు ఆగేవి. 1983లో ఆయన్ని ఎమ్మెల్యేగా గెలిపించాం, రెండుచోట్లా గెలిచి గుడివాడ ఉంచుకుని మనల్ని వదిలేశాడు. 2008లో చిరంజీవి ఇక్కడే పార్టీ పెట్టాడు. మరుసటేడు పాలకొల్లులో ఓడిపోతే మనం నిలబెట్టాం. ఆయన 2012లో రాజ్యసభకి వెళ్ళిపోయాడు. ఇద్దరి మీదా మనకి కోపం రాలేదు చూడు, అదే విచిత్రం.

నన్ను తొలిచేది మాత్రం వేరే సంగతి. 'పుష్ప'లో మన శేషాచలం అడవి అని చూపించినదాన్ని ఎక్కువగా ఎక్కడో గోదావరి దగ్గరి మారేడుమిల్లి వైపు తీశారు. పచ్చగా, తడితడిగా ఎంత బాగుందో! మన కొండలు అట్లా ఉంటాయా? ఎర్రచందనం పెరిగేదే రాళ్ళల్లో, ఎండల్లో. దీన్ని నేను పెద్ద తప్పనను, సినిమాకి అందం కావాలి. కానీ మొన్న మా అన్న కొడుకుని చంద్రగిరి వైపు తీసుకుపోతే, వాడు కొండలు చూసి "ఇది కాదు చిన్నాన్నా, అసలు అడవి చూపించు" అన్నాడు.

ఆ చంద్రగిరి మండలం అడవిలోనే 2015 ఏప్రిల్ 7న ఇరవై మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కొట్టేవాళ్ళు రాళ్ళతో, గొడ్డళ్ళతో మీద పడ్డారని పోలీసులన్నారు. పట్టుకొచ్చి కాల్చారని హక్కుల సంఘాలన్నాయి. ఆ వారమంతా టీ అంగళ్ళలో ఇదే మాట, గుర్తుందా? ఈ మధ్య మా ఆఫీసు కుర్రాళ్ళను అడిగితే ఒక్కడికీ తెలియదు. ఎర్రచందనం దొంగల సిండికేట్‌లో ఎవరి వాటా ఎంత, దుంగలు ఎట్లా దాటిస్తారు అంటే మాత్రం సినిమా చూసి గడగడా చెప్పేస్తారు. సినిమాలో కూలీ సిండికేట్‌నే ఏలతాడు. అడవిలో చచ్చిపోయినవాళ్ళు కూలి కోసం జవ్వాది కొండలు దిగి వచ్చినవాళ్ళు. ఒక కథకి ఈలలు పడ్డాయి, రెండోదాన్ని తలుచుకునేవాడు లేడు. డైరెక్టర్ సుకుమార్‌ని అనడం లేదురా, ఆయన కథ ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మనం ఏం చేశామని అడుగుతున్నా.

సరే, మరీ బరువైపోయింది. మన ఊరి గంగమ్మ జాతర సంగతి చెప్తా. 'పుష్ప' రెండో భాగంలో హీరో చీర కట్టి, నీలం రంగు పూసుకుని ఆడాడు కదా, అప్పట్నుంచి తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఫోన్లు పట్టుకున్నవాళ్ళు తెగ పెరిగిపోయారు. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టుకుని వస్తుంటే ఎదురుపోయి "అన్నా, ఆ స్టెప్పు ఒకటెయ్యి" అంటారు. ఒళ్ళు మండుతుంది. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడు దాక్కుంటే, రోజుకో వేషంలో అమ్మ వాడిని వెతికి చంపిన కథ అది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరసగా నడుస్తాయి వేషాలు. స్టెప్పుల లెక్క కాదు. అయినా మా కాలనీలో వేషం కట్టడానికి సిగ్గుపడే ఇంజనీరింగ్ పిల్లోళ్ళు ఇప్పుడు పోటీపడి కడుతున్నారు, దాన్ని కాదనలేను. వేషంలో ఎదురొచ్చినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టడం జాతరలో ఆచారమే కదా, అది మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది వాళ్ళకి.

అన్నట్టు, చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసినప్పుడు మీ అమ్మ మొక్కుకున్న వేషం ఇంకా బాకీ ఉందంట. నిన్న మార్కెట్లో కనిపించి గుర్తుచేసింది. మేలో సెలవు పెట్టు. చీర మా ఆవిడ ఇస్తానంది. జాకెట్టు మాత్రం నీ పొట్టకి పట్టదు, కొలతలు పంపితే కుట్టించి పెడతా.

నీ
రమణ