ఘాటీ ఎక్కని లారీ

వైలె, డెన్మార్క్
డిసెంబరు 7, ఆదివారం

అమ్మకీ నాన్నకీ,

నేనిక్కడ క్షేమం. మామ్మ మోకాళ్ళు ఈ చలికి ఎలా ఉన్నాయో రాయండి. అప్ప పిల్లలకి దగ్గు తగ్గిందని మొన్న బావ మెసేజి పెట్టాడు, సంతోషం.

ఫోనుండగా ఈ కాగితం ఎందుకని అనుకుంటావు అమ్మా. ఫోను చేస్తే నాన్న "బాగున్నావా, తిన్నావా" అని రెండు ముక్కలని నీ చేతికిచ్చేస్తున్నాడు. కాగితమైతే అలా ఇచ్చెయ్యలేడు. అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదట్నుంచీ చదవాల్సిందే. ఈ ఉత్తరంలో సగం పైన నాన్నకే. ముందు నీవి చెప్పేస్తాను.

ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. గాలిమర రెక్కలు, వాటి లెక్కలు. జీతం పడింది, నీ ఖాతాలో వేశాను. కంది పొడి ఇంకా సగం డబ్బా ఉంది. ఊరగాయ అయిపోయింది.

ఈ నెలంతా ఇక్కడ పొద్దున్న ఎనిమిదిన్నరకి గానీ తెల్లారదు. నాలుగు కాకముందే పొద్దు గుంకిపోతుంది. పనికి వెళ్ళేటప్పుడు చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. మొదటి ఏడాది ఆ చీకట్లో ఇంటికొచ్చి, లైటు కూడా వేసుకోకుండా, కోటు విప్పకుండా మంచం మీద కూర్చునుండేదాన్ని. ఒక్కోసారి తొమ్మిదింటి దాకా. అప్పుడు నీకు చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఇప్పుడలా లేదు. ఇంటికి రాగానే లైటు వేసి బల్ల దగ్గర కూర్చుంటున్నాను. వంట కూడా చేసుకుంటున్నాను, ఒట్టు.

ఆ బల్ల మీద ప్లాస్టిక్ ముక్కలతో నేను కడుతున్న లారీ గురించే పిన్ని ఏదో అందట. అప్ప చెప్పింది. "ముప్పై ఒకటొచ్చాయి, పెళ్ళి ఊసు లేదు, దేశం కాని దేశంలో ప్లాస్టిక్ బొమ్మలు కొనుక్కుని ఆడుకుంటోంది" అని. నువ్వు ఏమీ అనకుండా ఊరుకున్నావట. నాకు పిన్ని మాట కన్నా నువ్వు ఊరుకోవడమే గుచ్చుకుంది అమ్మా. డబ్బు దండగ అంటావా, ఆ పసుపు లారీలో ముప్పావు వంతు పాత సామాన్ల దుకాణంలో దొరికినవి. ఒక ప్లాస్టిక్ బకెట్టు నిండా ముక్కలు, నూట యాభై క్రోనర్లు. మన రూపాయల్లో రెండు వేలు అటూ ఇటూ. పిన్ని చీరకి అంతకంటే ఎక్కువే అవుతుంది. ఆ చివరి మాట తనకి చెప్పకు.

బొమ్మ అన్నా నాకేం చిన్నతనం లేదు. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే గంట లోపు బిల్లుండ్ వస్తుంది, మన పర్లాకిమిడి కన్నా చిన్న ఊరు. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా పనుల్లేక అల్లాడుతున్న 1932లో, ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు లేక, చెక్క బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. వీళ్ళ భాషలో "బాగా ఆడుకో" అనే రెండు మాటలు కలిపి లెగో అని పేరు పెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు తరవాతవి. 1958 నాటి ఇటుకని తెచ్చి ఇవాళ్టి ఇటుక మీద నొక్కితే టక్కున కూర్చుంటుంది. కొమ్ముతో బొమ్మలు చెక్కే మన పనివాళ్ళు చూస్తే మెచ్చుకునే పనితనం అది. నువ్విచ్చిన కొమ్ము కొంగ ఆ బల్ల మీదే ఉంది, లారీ పక్కన. 1977 నుంచి పళ్ళ చక్రాలు, ఇరుసులు ఉన్న రకం కూడా వస్తోంది. టెక్నిక్ అంటారు. నేను చేసేది ఆ రకం.

ఇక నాన్నకివ్వు.

నాన్నా, లారీ మూరెడు పొడవుంది. ముందు ముక్కు మన బండిలా గుండ్రంగా రాలేదు. చిన్న మోటారు స్టీరింగు తిప్పుతుంది, పెద్దది వెనక చక్రాలకి. ఆరు పెన్సిలు సెల్సు పట్టే పెట్టె ఒకటుంది, బరువు దానిదే. దాన్ని ఎక్కడ పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించి సరిగ్గా వెనక ఇరుసు మీద పెట్టాను. ఖాళీ బండి కన్నా లోడు బండి నేలని పట్టుకుంటుందనేవాడివి కదా.

ఈ పళ్ళ చక్రాల లెక్క చూస్తే నీకు ముచ్చటేస్తుంది. పన్నుకి ఒక మిల్లీమీటరు. పళ్ళు ఒకదాన్నొకటి పట్టే చోట కొలిస్తే 8 పళ్ళ చక్రం అడ్డుకొలత 8 మిల్లీమీటర్లు, 24 పళ్ళది 24. పక్కపక్కన కలిపితే మధ్య నుంచి మధ్యకి 16. ఇరుసులు దూర్చే పట్టీల్లో చిల్లుకీ చిల్లుకీ ఎడం 8 కాబట్టి సరిగ్గా రెండు చిల్లులు. 12, 20 కలిపినా అదే రెండు చిల్లులు. 8, 40 అయితే మూడు. ఎక్కడా వెంట్రుక వాసి తేడా రాదు.

మొదట నేను చేసిన తప్పు రాస్తాను. మోటారు పక్కనే 8 పళ్ళ చక్రానికి 24 పళ్ళది, మళ్ళీ 8కి 40 పెట్టాను. పదిహేను రెట్ల బలం వస్తుందని సంబరం. వచ్చింది. ఆ బలమంతా అక్కణ్ణుంచి వెనక దాకా సన్నటి ప్లాస్టిక్ జాయింటు షాఫ్టు మోయాలి కదా, అది తాడులా మెలితిరిగిపోయింది. టిప్పర్లకి గేర్లు చక్రం గుబ్బలోనే ఉంటాయని, అందుకే అవి క్వారీలో నిలబడతాయని నువ్వు చెప్పావు చూడు, ఎప్పుడో, పాతపట్నం దాబా దగ్గర. అది గుర్తొచ్చింది. అంతా ఊడదీసి, వెనక ఇరుసుని తిప్పే క్రౌను చక్రం దగ్గర 12కి 28, చక్రం పక్కన 8కి 24 పెట్టాను. షాఫ్టు వేగంగా, తేలిగ్గా తిరుగుతుంది. బలం చివర్లో పుడుతుంది. మోటారు ఏడు చుట్లకి చక్రం ఒక చుట్టు. అయినా ఎత్తులో టకటకమని పళ్ళు జారేవి, చట్రం వంగి చక్రాలు ఎడమైపోతున్నాయన్నమాట. రెండు పక్కలా పట్టీలు బిగించి హౌసింగు లాగా కట్టేశాక ఆ చప్పుడు పోయింది. ఆ రాత్రి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఇక్కడ లైబ్రరీలో నెలకోసారి ఇలాంటివి చేసేవాళ్ళు కలుస్తారు. అందులో నీ ఈడు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంతే, నాకు డేనిష్ అంతంతే. నా బండి అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి తెల్లటి 24 పళ్ళ చక్రం తీసి నా చేతిలో పెట్టాడు. బండికి ఏదైనా అడ్డుపడితే అది లోపల్లోపలే జారుతుంది, మోటారు కాలదు. క్లచ్ ప్లేటే! నేను "పోతే క్లచ్ ప్లేటు పోనీ, బండి నిలబడాలి" అని నీ మాట తెలుగులోనే అనేశాను. ఆయన తలూపాడు.

అమ్మ చెప్పింది, బండి అమ్మేశాక నువ్వు షెడ్డు వైపు వెళ్ళడం మానేశావని, సాయంత్రం పూట కూడా అరుగు దిగడం లేదని. నీ కళ్ళకి రాత్రి బండి మంచిది కాదు, అమ్మడమే మంచిదని చెప్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడూ అదే అంటాను. కానీ నీకు తెలిసిన పనంతా బండితో పాటు కొన్నవాడికి ఇచ్చెయ్యలేదు కదా నాన్నా. నాకు అది ఇప్పుడు కావాలి.

అమ్మా, మర్చిపోయాను, లక్ష్మివారం ఎదురింటి ఒడియా వాళ్ళ గుమ్మంలో బియ్యప్పిండి పాదాలు వేసుంటారు కదా, ఫొటో ఉంటే పంపించు.

నాన్నా, అసలు సంగతి. చెక్కకి ఒక పక్క పుస్తకాలు ఎత్తు పెట్టి ఉదయగిరి ఘాటీ కొండ రోడ్డు లాంటిది చేశాను. ఊరికే అయితే ఎక్కుతోంది. ఎడమ చక్రం కింద చిన్న గుంట పెడితే చాలు, ఆ చక్రం గాల్లో గిరగిరా తిరుగుతుంది, కుడిది కదలదు, బండి ఆగిపోతుంది. వంపులో రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ తీసేసి ఒకే ఇరుసు వేస్తే గుంటలోంచి వస్తుంది గానీ, వంపు తిరగమంటే టైర్లు ఈడుస్తుంది.

నేను ఏడు చదివేటప్పుడు, దసరా సెలవుల్లో, వానలో, బియ్యం లోడుతో మనం ఇరుక్కుపోయాం. గుర్తుందా? ఎడమ వెనక చక్రం రోడ్డు పక్క బురదలో, కుడిది తారు మీద. క్లీనరు రాళ్ళు వేశాడు, గోనెలు వేశాడు. నువ్వు నన్ను కిందకి దించి చూపించావు. "చూసేవా గుంటా, బరువున్న చక్రం నిలబడిపోనాది, ఖాళీది తిరుగుతున్నాది." తరవాత నన్ను దూరంగా నిలబెట్టి, నువ్వు క్యాబినెక్కి ఏదో చేశావు. బండి నెమ్మదిగా, అరవకుండా పైకొచ్చేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

నిన్న రాత్రి గాల్లో తిరుగుతున్న ఎడమ చక్రానికి వేలు ఆనించాను. గట్టిగా కాదు, ఊరికే రాసుకునేలా. కుడి చక్రం కదిలింది! లారీ ఎక్కింది. మళ్ళీ మళ్ళీ చేశాను, ప్రతిసారీ ఎక్కింది. వేలు నల్లబడింది.

అంటే ఆ రోజు నువ్వు బ్రేకు కొంచెం తొక్కి పట్టే రేసు ఇచ్చావన్నమాట. అంతేనా? ఇప్పుడు నా వేలు చేసే పని చెయ్యడానికి చిన్న బ్రేకు కడదామనుకుంటున్నాను. బొమ్మ గీసి దీనితో పెట్టాను, తప్పుంటే దాని మీదే కొట్టేసి రాయి. అమ్మ చేత రాయించకు, నీ చేత్తో రాయి.

ఒక్కటి మాత్రం రాత్రంతా ఆలోచించినా తేలలేదు. క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు మూడు, నీ కాళ్ళు రెండు. ఆ రోజు ఏ కాలు ఎక్కడ పెట్టావు నాన్నా?

మీ
చిన్నమ్మడు