కు.ని. ఆపరేషన్ ఆమెకేనా?

సంపాదకునికి,

మా వీధిలో ఒకావిడకు రెండో కాన్పయిన ఏడాదికి కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేయించారు. నువ్వెందుకు చేయించుకోలేదని భర్తను అడిగితే, "బరువులు మోసేవాణ్ని, నీరసం వస్తుంది" అన్నాడు. చాలామంది మగవాళ్ల టెన్షన్ ఇదే.

మగవాళ్లకు చేసే కు.ని. ఆపరేషన్ అయిన వేసెక్టమీలో కోసి ముడివేసేది వీర్యకణాలను మోసే రెండు సన్నని శుక్రవాహికలనే. వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్ ఆ దారిన పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే బలమూ తగ్గదు, మగతనమూ తగ్గదు. వీర్యంలో ఎక్కువ భాగం శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి నుంచే వస్తుంది కాబట్టి అదీ దాదాపు మునుపటిలాగే ఉంటుంది. కాకపోతే ఆపరేషన్ తర్వాత మూడు నెలలు వేరే గర్భనిరోధకం వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేల్చుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దంపతుల్లో భార్య ఆపరేషన్ చేయించుకున్నవారు 37.9 శాతం, భర్త చేయించుకున్నవారు 0.3 శాతం. ఆశా కార్యకర్తలు భర్తలను కూడా కూర్చోబెట్టి ఈ విషయం చెప్పాలి.

- ఒక పాఠకురాలు, ఏలూరు